గ్యాలరీ మాట రాయకూడదు

నగర సభాభవనం మొదటి అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు మూడో తలుపు మీద 'నిమిషాల విభాగం' అని బోర్డు ఉంటుంది. పద్దెనిమిదేళ్ళ కిందట భవనంలోని బోర్డులన్నీ తెలుగులోకి మార్చాలని ఎవరికో బుద్ధి పుట్టింది. మినిట్స్ అంటే సభలో ఎవరేం మాట్లాడారో రాసిపెట్టే కాగితాలని బోర్డులు రాసే పెయింటరుకు తెలియదు. చెప్పాల్సిన గుమాస్తా ఆ రోజు సెలవు. పెయింటరు తన తెలివికొద్దీ నిఘంటువు తిరగేసి, నిమిషాలని రాసి, కింద చక్కటి గీత కూడా గీసి వెళ్ళిపోయాడు. మార్చమని ఆ గదిలో పనిచేసే ఆమె రెండుసార్లు కాగితం పెట్టింది. ఆ కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో గాని బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు. అప్పటినుంచి ఆమె అందరికీ నిమిషాలక్క అయిపోయింది. అసలు పేరు జీతం పట్టీలో తప్ప ఎక్కడా లేదు.

ఆ తలుపు తోసుకొచ్చి "ఓ నిమిషం ఇస్తారా అక్కా, మీ దగ్గర బోలెడున్నాయిగా" అనని ఉద్యోగి ఆ భవనంలో లేడు. ప్రతివాడూ ఆ జోకు తనకే మొదట తట్టిందనుకుంటాడు. మొదటి ఏడాది ఆమె నవ్వింది. రెండో ఏడాది నవ్వినట్టు ముఖం పెట్టింది. ఆ తర్వాత అదీ మానేసింది. నవ్వడానికైనా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి కదా.

యాభై ఏడేళ్ళ మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె పని వినడం, రాయడం. నెలకు రెండుసార్లు పాలకవర్గం కూర్చుంటుంది, మధ్యమధ్య ఉపసంఘాలు కూర్చుంటాయి. వాళ్ళు ఏం మాట్లాడినా, ఒకరినొకరు ఏమని తిట్టుకున్నా షార్ట్‌హ్యాండులో ఎక్కించుకుని, మర్నాడు గదిలో కూర్చుని శుభ్రమైన ప్రతి రాయాలి. తిట్లను తిట్లుగా రాయకూడదు, 'తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేశారు' అని రాయాలి. "నీ మొహం మండ" అన్నా అదే, "నీ అంతు చూస్తా" అన్నా అదే. నవ్వితే బ్రాకెట్లో నవ్వులు, అరిస్తే బ్రాకెట్లో కలకలం. ఒకసారి టేపురికార్డరు తెచ్చిపెట్టారు. గుమ్మటం కింద అది పట్టుకున్నదల్లా తేనెటీగల రొదే. మూడో సభకల్లా దాన్ని బీరువాలో పడేసి "మన అక్కే నయం" అన్నారు. ఆ మాటకు ఆమె పొంగిపోయిందని చెప్పలేం.

ఇంత రాసీ ఏం లాభమయ్యా అంటే, ఏమీ లేదు. తరువాతి సభ మొదలవగానే అధ్యక్షులవారు గొంతు సవరించుకుని "గత సమావేశపు మినిట్స్ చదివినట్టుగా భావించి ఆమోదించడమైనది" అంటారు. సభ్యులు బల్లలు చరుస్తారు. చదివినట్టుగా భావిస్తారన్నమాట. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె రాసిన దస్తాలకు దస్తాల కాగితాన్ని భావించినవాళ్ళే గాని చదివిన నరమానవుడు ఆ సభలో లేడు. అచ్చుతప్పులుంటే ఎవరైనా పట్టుకుంటారేమోనని మొదట్లో భయపడేది. ఎవరైనా పట్టుకుంటే బాగుండునని తర్వాత తర్వాత అనిపించేది.

భవనం మాత్రం గొప్పదే, కాదనకూడదు. కట్టి నూట పదేళ్ళ పైమాటే. ముందువైపు పందొమ్మిది కమానులతో పొడవాటి వరండా. దాని నడుమ నుంచి రాతిమెట్లు రెండు పాయలుగా బయలుదేరి, ఇరవై ఏడు మెట్ల తర్వాత ఒక చప్టా దగ్గర కలుసుకుని, అక్కణ్ణుంచి ఒకటే పాయగా మరో ఇరవై ఏడు మెట్లు పైకి వెళతాయి. పైన గుండ్రటి సభామందిరం, దాని నెత్తిన గుమ్మటం. సభ్యుల బల్లలు అర్ధచంద్రాకారంగా గోడల వెంట ఉంటాయి. వాటికి పైన, ఇనుప దన్నుల మీద, ప్రజల గ్యాలరీ. పుట్టుక రాయించుకోవడానికైనా, చావు రాయించుకోవడానికైనా, ఇల్లు కట్టుకునే అనుమతికైనా, పక్కింటివాడి గోడ మీద ఫిర్యాదుకైనా ఊరంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ మెట్లెక్కాల్సిందే. పైకొచ్చేసరికి మనిషికి ఆయాసం తప్ప మాట రాదు. కట్టినవాడి ఉద్దేశం అదేనేమోనని ఆమెకు ఎప్పటినుంచో అనుమానం.

గ్యాలరీలో ఎవరైనా కూర్చోవచ్చు. మాట్లాడకూడదు. ఒకవేళ మాట్లాడినా అది సభలో మాట్లాడినట్టు కాదు. గ్యాలరీ మాట రాయకూడదన్నది, ఉద్యోగంలో చేరిన రోజే పాత గుమాస్తా ఆమెకు చెప్పిన మొదటి పాఠం. చిత్రం ఏమిటంటే ఆమె బల్ల సరిగ్గా గుమ్మటం నడిమధ్యన, కింద ఉంటుంది. పది అడుగుల దూరంలో నిలబడి గొంతు చించుకునే సభ్యుడి మాట సగం గాలికి పోయేది. పైన చివరి వరసలో ఒక ముసలావిడ "కాళ్ళు పీకుతున్నాయే" అని కూతురి చెవిలో అంటే మాత్రం, ఆ మాట గుమ్మటానికి తగిలి, అక్షరం పొల్లుపోకుండా ఈమె బల్ల మీద పడేది. ఇంటి కప్పు కారడం, కుళాయిలో మట్టినీళ్ళు, ఏడాదిగా కదలని దరఖాస్తు, అన్నీ ఆమె చెవిన పడేవి. రాయకూడదు కాబట్టి అవన్నీ ఆమె దగ్గరే ఉండిపోయేవి. ఒక్కోరోజు ఇంటికి వెళ్ళేసరికి ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడబుద్ధయ్యేది కాదు.

ఈమధ్య మరమ్మతు పనికి వచ్చిన ఇంజనీరమ్మాయి భవనం పాత పటం తెచ్చి చూపించింది.

"చూశారా ఆంటీ, మీ బల్ల ఉన్నచోట అసలు అధ్యక్షుడి కుర్చీ ఉండాలి. జనం మాట ఆయనకి వినపడాలనే గుమ్మటం అలా కట్టారు."

"మరి కుర్చీ గోడ పక్కకి ఎందుకు పోయిందమ్మా?"

"మొదటి అధ్యక్షుడు రెండు సభలు ఇక్కడే కూర్చున్నాడట. తలనొప్పి వస్తోందని జరిపించేసుకున్నాడట."

ఆ తలనొప్పి నాకు తగిలించి పోయాడన్నమాట మహానుభావుడు, అనుకుంది ఆమె.

ఆమె భర్తదీ అదే భవనం, కాకపోతే కింద. వరండాలో ఏడో కమాను దగ్గర మడతబల్ల, రెండు స్టూళ్ళు వేసుకుని ముప్ఫై మూడేళ్ళుగా అర్జీలు రాస్తున్నాడు. అందరికీ ఆయన అర్జీల మాస్టారు. ఆయన చేతిమీదుగా వెళ్ళిన కాగితం వెనక్కి రాదని పేరు. జనం కోపంగా వచ్చి కూర్చుంటే ఆ కోపంలోంచి పనికొచ్చే ముక్క ఏరి రాసేవాడు. ఏడుస్తూ వస్తే ముందు ఏడవనిచ్చేవాడు. కింద ఆయన రాసింది పైకెక్కి, సభలో చర్చకొచ్చి, ఆమె చేతిలో మినిట్స్‌గా మారేది. "మా ఇంట్లో ఇద్దరూ రాసేవాళ్ళే, మాట్లాడేవాళ్ళు లేరు" అని వాళ్ళమ్మాయి పెళ్ళై వెళ్ళేదాకా వేళాకోళమాడుతూనే ఉండేది. అందులో అబద్ధమేమీ లేదు. మనసులో మాట ఉంటే ముఖం చూసి తెలుసుకోవడమే గాని, ఎదురుగా కూర్చుని చెప్పుకునే అలవాటు వాళ్ళిద్దరికీ లేకపోయింది.

రెండేళ్ళ కిందట ఒక ఉదయం ఆయన పళ్ళు తోముకుంటూ కూలబడిపోయాడు. కుడివైపు పడిపోయింది. నాలుగు నెలలకు నడక వచ్చింది. మాట వచ్చింది గాని ముద్దముద్దగా వచ్చింది, ముఖంలో కుడి సగం కదలడం మానేసింది. కుడిచేతి వేళ్ళు కలం పట్టుకుంటే వణుకుతాయి. డాక్టరు ఆమెను పక్కకు పిలిచి "ఈయన్ని ఇంట్లో మాత్రం కూర్చోబెట్టకండమ్మా. పని మానేసిన మనిషి ఆర్నెల్లలో మంచం పడతాడు" అన్నాడు. ఆ డాక్టరు ఆ మాట రోజుకు ఎంతమందికి చెబుతాడో, చెప్పి తలుపు వేసుకోగానే మర్చిపోయి ఉంటాడు. ఆమె మాత్రం వేదవాక్కు అన్నట్టు పట్టుకుంది.

ఆ రోజునుంచి ఆయన్ని పొద్దున్నే లేపడం, గడ్డం గీయడం, చొక్కా గుండీలు పెట్టడం, తొమ్మిదిన్నరకల్లా ఏడో కమాను దగ్గర కూర్చోబెట్టి తను పైకెక్కడం. జనం పాత అలవాటుగా వచ్చి ఆయనకు కష్టం చెప్పుకునేవారు. ఆయన ఎడమచేత్తో రెండు మూడు ముక్కలు గిలికిపెట్టుకుని "రేపు రండి" అనేవాడు. సాయంత్రం ఇంట్లో ఆ గిలుకుళ్ళు చూస్తూ, ఆయన ముద్దమాటలు వింటూ, ఆ అర్జీలన్నీ ఆమె శుభ్రంగా రాసేది. పగలంతా సభ్యుల మాటలు, సాయంత్రమంతా జనం మాటలు. బొటనవేలి మొదట్లో పుట్టిన నొప్పి మోచేతిదాకా పాకింది. వంటింట్లోకి వెళ్ళి, చప్పుడు కాకుండా గిన్నెలో వేణ్ణీళ్ళు పోసి చెయ్యి ముంచుకునేది. ఆయనకు చెప్పేది కాదు. విసుగు రాలేదంటే అబద్ధం. ఒక్కోరోజు తెల్లకాగితం చూస్తే ఏడుపొచ్చేది. కానీ పొద్దున్నే ఆయన లేచి, గుండీల కోసం ఎదురుగా వచ్చి నిలబడగానే, అమ్మయ్య, ఇవాళ్టికి మంచం పట్టలేదు అనుకునేది. ఆ ఒక్క అమ్మయ్య కోసమే మిగతాదంతా మోసేది.

అలాంటి రోజుల్లో ఒక సభ తాలూకు అజెండా ఆమె బల్ల మీదికి వచ్చింది. ఆరో అంశం, వరండా ఖాళీ చేయించుట. భవనాన్ని పాత పటంలో ఉన్నట్టుగా బాగుచేస్తున్నారు కనుక, పటంలో లేని బల్లలూ స్టూళ్ళూ అక్కడ కూర్చునే మనుషులూ అందరూ కదలాలి. కమానులకు ఇనుప గేట్లు వస్తాయి. సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంటే వారంలో అమలు. ఒక్క సభ్యుడు కాదన్నా, అది జనం వాడుకునే జాగా కాబట్టి మూడు నెలలు ఆపి అందరి మాటా వినాలి. కాదనేవాడెవడు? ఆ సభలో ఏకగ్రీవం కానిది టీ విరామం ఒక్కటే. అది కొందరికి ముందు కావాలి, కొందరికి తర్వాత కావాలి.

ఇంజనీరమ్మాయిని అడిగి చూసింది.

"పటంలో కమానుల కింద ఖాళీగా ఉంది ఆంటీ" అంది ఆ అమ్మాయి.

"పటంలో మనుషుల్ని గీస్తారా అమ్మా?"

ఆ అమ్మాయి "నాకు చెప్పింది నేను చేస్తున్నా ఆంటీ" అంది. అందులో ఆ పిల్ల తప్పేముంది.

ఏడో కమాను పోతే ఆయన పొద్దున్న దేనికని లేస్తాడు? ఆ ప్రశ్న పట్టుకున్నాక ఆమెకు మరేదీ తలకెక్కలేదు. ఇంటికెళ్ళి చెబితే ఆయన "ఊఁ" అన్నాడు. బాధపడ్డాడో లేదో తెలియలేదు, ముఖంలో కదిలేది సగమే కదా. పక్క కమాను దగ్గర స్టాంపులమ్మే ఆవిడ మాత్రం లబోదిబోమంటూ వచ్చింది. వరండాలో అందరికీ ఆవిడ స్టాంపుల వదిన.

"నువ్వు వాళ్ళ మధ్యే కూర్చుంటావు కదా వదినా, ఓ మాట చెప్పకూడదూ?"

"నేను రాసేదాన్నే వదినా, చెప్పేదాన్ని కాదు."

"ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉన్నావు, నీ మాట ఒక్కడూ వినడా?"

"నేను నోరు తెరిస్తే ముందు నన్నే బయటికి పంపుతారు" అంది ఆమె. అది నిజమే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ మందిరంలో ఆమె గొంతు వినపడింది దగ్గు వచ్చినప్పుడే.

అయితే ఆమె దగ్గర ఒక దారి ఉంది, ఎవరికీ చెప్పనిది. నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, మూడు గంటలు ఏకబిగిన రాసి కళ్ళు మూతలు పడుతుంటే "బడి సందులో కాలువ మీద మూత లేదు, పిల్లలు పడుతున్నారు" అన్న మాట చెవిన పడింది. పడింది పడ్డట్టు రాసేసింది. మినిట్స్ ప్రతులు అన్ని శాఖలకూ వెళ్ళిపోయిన మూడో రోజున, వేరే పని మీద కాగితాలు తిరగేస్తుంటే ఆ వాక్యం కంటపడింది. అది గ్యాలరీలోంచి వచ్చిన మాట. తన రాతలో అది పదకొండో వార్డు సభ్యుడి ఖాతాలో ఉంది. పదకొండో వార్డు సభ్యుడు టైర్ల దుకాణం ఆయన. ఎన్నికైన నాటినుంచి సభలో నోరు విప్పిన పాపాన పోలేదు. వెనకాల అందరూ ఆయన్ని మౌనవ్రతం అంటారు. తరువాతి సభలో మినిట్స్ యథాప్రకారం చదివినట్టుగా భావించారు. వారం తిరక్కుండా కాలువ మీద మూత పడింది. వార్డు జనం మౌనవ్రతం ఇంటికి వెళ్ళి మరీ మెచ్చుకుని వచ్చారు. ఆ మాట తానెప్పుడన్నాడో ఆయనకు గుర్తురాలేదు గాని, అనలేదని మాత్రం ఎవరితోనూ అనలేదు.

మళ్ళీ ఆ పని ఆమె చేయలేదు. చేయాలనిపించిన రోజులు లేకపోలేదు. ఇప్పుడు చేయాలని నిశ్చయించుకుంది. 'పదకొండో వార్డు సభ్యులు అభ్యంతరం తెలిపారు.' అయిదంటే అయిదు ముక్కలు. ఏకగ్రీవం పోతుంది, మూడు నెలలు దొరుకుతాయి. మౌనవ్రతం ఎలాగూ కిమ్మనడు. అది తప్పని ఆమెకు తెలుసు. పొరపాటున రాయడం వేరు, తెలిసి రాయడం వేరు. పట్టుబడితే ఇన్నేళ్ళ ఉద్యోగమూ మంటగలుస్తుంది. అన్నీ తెలిసి, ఆ వారమంతా ఆ అయిదు ముక్కలే మనసులో రాసుకుంటూ తిరిగింది.

సభ రోజు పొద్దున గుండీలు పెడుతుంటే ఆయన "నేనూ పైకొస్తా" అన్నాడు.

"యాభై నాలుగు మెట్లండీ."

"తెలుసు. ముప్ఫై మూడేళ్ళుగా ఎక్కేవాళ్ళని చూస్తున్నా."

"మీకెందుకు శ్రమ, నేను చూసుకుంటాగా."

"నువ్వేం చూసుకుంటావు?" అన్నాడు ఆయన.

ఆమె గతుక్కుమంది. గబగబా పై గుండీ పెట్టేసింది.

స్టాంపుల వదిన ఒక రెక్క పట్టుకుంది. రెండో పక్క రాతి పిట్టగోడ ఉంది. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి, ఆగి, ఊపిరి తీసుకుని, ఆయన పైకొచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. గ్యాలరీకి ఇనుప మెట్లు ఇంకో పదహారు ఉంటాయని వదినకు ఆలస్యంగా గుర్తొచ్చింది. అవీ ఎక్కాడు. మొదటి వరసలో కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. కింద నుంచి ఆమెకు ఆయన చెయ్యి కనిపించింది. ఇంత మొండితనం చేస్తే రేపు కాళ్ళు వాస్తాయి, నాకే మర్దనా పని, అనుకుంది. అనుకున్నాక సిగ్గేసింది.

మొదటి అయిదు అంశాలూ ఎప్పటిలాగే గడిచాయి. వీధిదీపాల మీద ఒకరు తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేశారు. ఇంకొకరు అంతకంటే తీవ్రంగా వ్యక్తం చేశారు. బ్రాకెట్లో కలకలం. ఆరో అంశం వచ్చింది. అధ్యక్షులవారు దాన్ని చదువుతుండగానే ఆమె ఆ అయిదు ముక్కలూ కాగితం మీద పెట్టేసింది.

"అభ్యంతరాలేమైనా ఉన్నాయా, లేకపోతే ఏకగ్రీవం" అన్నారు అధ్యక్షులవారు, ఏడో అంశం కాగితం అందుకుంటూ.

పైన కమ్మీ కిర్రుమంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"పెద్దాయనా, గ్యాలరీలోంచి మాట్లాడకూడదు" అన్నారు అధ్యక్షులవారు, కాస్త మర్యాదగానే. ఆయన వినిపించుకోలేదు. మాట్లాడటం మొదలుపెట్టాడు. గోడల వెంట కూర్చున్న సభ్యులకు వినిపించింది ఒక ముసలాయన గొంతులో సుళ్ళు తిరుగుతున్న ముద్దమాటలు, అంతే. మాటకూ మాటకూ మధ్య ఆయన గాలి మింగుతుంటే అది ఏడుపులాగే ఉంది. ఎడమ కన్ను కూడా చెమ్మగిల్లింది. గుమ్మటం కింద బల్ల దగ్గర ఉన్న మనిషికి మాత్రం ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. అలా గుమ్మటం మీదుగా రాకపోయినా ఆమెకు తెలిసేదే. రెండేళ్ళుగా ఆ మాటతోనే కదా కాపురం.

"ఆ చోటు తీసేయండి బాబూ. నాకొద్దు. నేనక్కడ కూర్చునేది నా కోసం కాదు. మా ఆవిడ పొద్దంతా ఇక్కడ రాసి, ఇంటికొచ్చి నా అర్జీలు రాస్తోంది. వంటింట్లోకి వెళ్ళి వేణ్ణీళ్ళలో చెయ్యి పెట్టుకుంటుంది. నేను చూడలేదనుకుంటుంది. నేను మానేస్తే మంచం పడతానని ఆవిడకి భయం. మానేస్తానంటే ఆవిడ బెంగపడుతుందని నేను రోజూ వెళుతున్నా. ఇలా ఎన్నాళ్ళు? నాకు ఓపిక లేదు. ఆవిడకీ లేదు. మీరు తీసేస్తే మా ఇద్దరిలో ఎవరి తప్పూ ఉండదు. తీసేయండి బాబూ."

ఆమె కలం కాగితం మీదే ఆగిపోయింది. ఆయనకు అన్నీ తెలుసు. గిన్నె తెలుసు, వేణ్ణీళ్ళు తెలుసు. తను ఆయన్ని మోస్తున్నానని రెండేళ్ళుగా లోలోపల ఎంత అలిసిపోయిందో, అంతా ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆయన తనను మోస్తున్నాడని మాత్రం తనకు తట్టనే లేదు. కళ్ళు మసకబారాయి. రాసిపెట్టుకున్న అయిదు ముక్కల మీద అడ్డంగా ఒక గీత గీసింది. ఇన్నేళ్ళలో సభ జరుగుతుండగా ఆమె కొట్టివేత పెట్టడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడు పదకొండో వార్డు బల్ల దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. మౌనవ్రతం లేచి నిలబడ్డాడు. మందిరం ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆయన గొంతు ఎలా ఉంటుందో సభ్యుల్లో చాలామందికి తెలియదు.

"నాకు మాట్లాడటం రాదు" అన్నాడు ఆయన, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. "ఆ పెద్దాయన చెప్పింది నాకు అర్థం కాలేదు. కానీ ఆయన బాధ అర్థమైంది. ఆ మనిషి అన్ని మెట్లెక్కి వచ్చి ఏడుస్తున్నాడంటే, ఆ చోటు పోతే ఆయన బతకడు. నేను ఒప్పుకోను."

అటునుంచి ఇద్దరు ముగ్గురు బల్లలు చరిచారు. ఎవరో "నిజమే, నిజమే" అన్నారు. ఇంతకుముందు ఏకగ్రీవానికి తయారై కూర్చున్నవాళ్ళే పైకి చూసి, పాపం అనుకుంటూ తలలాడించారు. అధ్యక్షులవారు ఏడో అంశం కాగితం కింద పెట్టి, "అభ్యంతరం నమోదు చేయండమ్మా" అని ఆమెకేసి చూశారు. మూడు నెలలు వాయిదా. పైన స్టాంపుల వదిన కొంగుతో కళ్ళొత్తుకుంది.

బాధ అర్థమైందట. ఆమెకు ఒళ్ళు మండింది, వెంటనే నవ్వొచ్చింది, రెండూ మింగేసింది. ఆయన వద్దు మొర్రో అంటే వీళ్ళు జాలిపడి చేతిలో పెట్టారు. ఆ మందిరంలో ఇంతమంది ఉంటే, ఆయనేమన్నాడో తెలిసింది తనొక్కదానికే. లేచి చెప్పొచ్చు. చెబితే వదిన చోటు పోతుంది, వరండాలో మిగతావాళ్ళ చోట్లూ పోతాయి. పైగా మౌనవ్రతం ఏడేళ్ళకు ఒకసారి నోరు తెరిస్తే, దాన్ని అబద్ధం చేయడానికి ఆమెకు మనసొప్పలేదు. రాసింది, కొట్టేసింది, ఇప్పుడు అవే అయిదు ముక్కలు మళ్ళీ రాసింది. ఈసారి అది నిజం.

సభ ముగిశాక ఆమె గ్యాలరీకి వెళ్ళింది. అప్పటికే అక్కడ నలుగురు చేరి "మాస్టారు గెలిపించారు" అంటున్నారు. ఆయన ఎడమ సగం ముఖంతో బిక్కచచ్చి చూస్తున్నాడు. ఆమె అందరినీ తప్పుకోమని, ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని ఇనుప మెట్లు దింపింది, తర్వాత రాతిమెట్లు దింపింది. రెండు పాయలూ కలిసే చప్టా దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ ఊపిరి చాలలేదు. చప్టా అంచు మీదే కూలబడ్డారు. పనులైపోయిన జనం వాళ్ళ పక్కనుంచి దిగిపోతున్నారు.

"వినపడిందా?" అన్నాడు ఆయన.

"వినపడింది."

"రాశావా?"

"గ్యాలరీ మాట రాయకూడదు కదండీ."

ఆయన తలూపాడు. ఆమె చెప్పు సరిచేసుకుంటున్నట్టు కాసేపు తల వంచుకుని, "ఆ చెప్పేదేదో ఇంట్లో చెప్పొచ్చుగా, ఇంత దూరం ఎక్కకపోతే" అంది.

"ఇంట్లో చెబితే మాత్ర వేసుకున్నారా అంటావు. మాట మార్చేస్తావు. అక్కడైతే నువ్వు నోరు మెదపకుండా వినాలి కదా."

నిజమే. ఎన్నిసార్లు ఆయన నోరు తెరవబోతే, మాత్రలనీ నీళ్ళనీ తను లేచి వెళ్ళిపోయిందో ఆమెకు ఒకటొకటిగా గుర్తొచ్చింది. ఊరందరి మాటా విని ఇంటికొచ్చే మనిషికి ఇంట్లో మాట వినే ఓపిక మిగల్లేదు.

"ఇంతకీ ఏం తేల్చారు?" అన్నాడు ఆయన. "అందరూ నా వీపు తడుతున్నారేంటి?"

"మీ చోటు మీకే ఉంచారు. మూడు నెలలు."

ఆయన నమ్మలేనట్టు ఆమెను చూశాడు. తర్వాత కింద వరండా వైపు చూశాడు. ఏడో కమాను దగ్గర ఆయన స్టూలు మీద అప్పుడే ఒకాయన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"అయితే రేపు మళ్ళీ వెళ్ళాలా?" అన్నాడు. అడగడంలో కోపం లేదు, ఫిర్యాదు లేదు. వెళ్ళమంటే వెళతాడు. గుండీలు పెడితే వచ్చి నిలబడతాడు. తను ఎన్నాళ్ళు రాస్తే ఆయన అన్నాళ్ళూ కూర్చుంటాడు.

ఆమె కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో బొటనవేలు నొక్కుకుంది. ఈసారి దాచలేదు.

"వద్దండీ" అంది. "నాకు చేతకావడం లేదు. నేనిక రాయలేను."

ఆయన ఆమె చేతిని తన ఎడమచేతిలోకి తీసుకుని, వణికే కుడిచేత్తో ఆ బొటనవేలు వెతికి పట్టుకున్నాడు.

"ఈ మాట నీ నోటివెంట వినడానికే ఎక్కాను" అన్నాడు.